నాలుగు వేలే ఎక్కువ

ప్రపంచంలోని రుజువుల భాండాగారాలన్నిటినీ వారంలోగా పోల్చి, మన దేశానిదే మొదటిదని తేలుస్తామని రుజువుల శాఖ మంత్రి జోల్దోష్‌బెక్ గారు రాజధాని బిష్కెక్‌లో ప్రకటించారు. పోల్చకముందే ఫలితం చెప్పగల దూరదృష్టి ఎంతమందికి ఉంటుంది!

మన దేశపు భాండాగారం గణితజ్ఞురాలు బురుల్‌ది. లెక్కల సిద్ధాంతాల్లో ఒక్కో మెట్టునూ కంప్యూటర్ చేత ఒప్పించి, పన్నెండేళ్లలో నాలుగు వేల రుజువులు పోగుచేసింది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. పోలికలో ఓడితే ఆమె ప్రయోగశాల మూసేస్తారని ప్రకటన అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.

మంత్రిగారు సలహాదారును వెంటబెట్టుకుని స్వయంగా ప్రయోగశాలకు వేంచేశారు. బురుల్ టీ పోసి, నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెలు పెట్టింది.

"పక్క దేశం వాళ్లు కూడా మన రుజువులు తీసుకుపోవచ్చా?"

"తీసుకోవచ్చు మంత్రిగారూ."

"తీసుకుపోతే మనకేం మిగులుతుంది?"

"అవే మిగులుతాయండీ."

మంత్రిగారు ఆ మాట నమ్మలేదు. "సరే, విదేశీ భాండాగారంలో ఎన్నున్నాయి?"

"రెండు లక్షల పైమాటే. అక్కడ వందలమంది రాస్తారు. మేం ముగ్గురం."

"అయితే నాలుగు వేలే ఎక్కువని కంప్యూటర్‌కి నచ్చజెప్పు."

నచ్చజెప్పి చూసింది. రుజువు కాలేదంటూ తెర ఎర్రబడింది. "ఇది ఎవరి మనిషి?" అని మంత్రిగారు కంప్యూటర్‌ను అనుమానంగా చూశారు.

బురుల్‌ను అక్కలా "ఎజే" అని పిలిచే సలహాదారు ఎల్దియార్ ముందుకు వంగాడు. "ఎజే, రుజువు అడక్కుండా ఇది ఏదీ ఒప్పుకోదా?"

"మొదట్లో కొన్ని స్వయంసిద్ధాలు రాస్తాం. వాటికి మాత్రం అడగదు."

"అంటే ఉత్తర్వులన్నమాట."

"అయ్యో, కాదు నాయనా! అక్కడ ఒక్క అబద్ధం దూరిందంటే, ఇక ఏది అడిగినా రుజువైందనే అంటుంది!"

"ఏది అడిగినానా?" మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "ఇంత మంచి సంగతి ఇన్నాళ్లూ దాచావేం తల్లీ?"

రెండు లక్షల కంటే నాలుగు వేలు ఎక్కువని అక్కడికక్కడే ఉత్తర్వు రాయించి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. ఎల్దియార్ దాన్ని స్వయంసిద్ధంగా ఎక్కించాడు. తెర పచ్చబడింది. బురుల్‌కి అది ఇష్టం లేకపోయినా, ప్రయోగశాల దక్కుతుందని ఒప్పుకుంది.

ఇక శాఖ పని చూడాలి! మూడు సరిసంఖ్య: రుజువైంది. కనుమ మీది వంతెన వెయ్యేళ్లు నిలుస్తుంది: రుజువైంది. కూలుతుందా అని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. వారం తిరక్కుండా సిద్ధాంతాలు మూడు లక్షలు దాటాయి. పోలికలో మనమే మొదట వచ్చాం. మంత్రిగారి ముందుచూపు మరోసారి నిజమైంది.

సన్మానసభలో మెడలో పతకం పడగానే బురుల్ ఆగలేక అడిగేసింది.

"ఇక ప్రయోగశాల మూయరు కదండీ?"

"అది నేను నోటితో చెబితే ఏం బాగుంటుంది? శాస్త్రీయంగా తేలుద్దాం," అన్నారు మంత్రిగారు.

ఎల్దియార్ టైపు చేశాడు: ఈ ప్రయోగశాల అవసరం లేదు. రుజువైంది.

బురుల్ ముందుకు దూసుకొచ్చింది. అతణ్ని పక్కకు నెట్టి తనే టైపు చేసింది: ఈ ప్రయోగశాల అవసరం ఉంది.

రుజువైంది.

"చూడండి! అందరూ చూడండి! ఇది కూడా రుజువైంది!" అని అరిచింది.

మంత్రిగారు ఎల్దియార్ వైపు చూశారు. ఎల్దియార్ నింపాదిగా రిజిస్టరు తెరిచి, రెండు వరుసల మీద వేలు నడిపించాడు.

"నిజమే ఎజే, మీదీ రుజువైంది. కానీ మాది ముందు నమోదైంది."