సీటు లేని బండి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆ రోజు బంద్ కూడా. బంద్ రోజున పట్టాభి తొమ్మిదింటిదాకా ముసుగు తీయడని కొత్తపేటలో ఆ వీధి వీధంతా ఎరుగును. అలాంటివాడు ఆరింటికే లేచి స్నానం చేసి, "రైతుబజారు ఎనిమిదింటికల్లా మూసేస్తారట, నువ్వు త్వరగా వెళ్లిరా" అంటూ భార్య చేతికి సంచి అందించాడు. ఇంద్రాణి అతని మొహంలోకి ఒకసారి చూసి, సంచి తీసుకుని వెళ్లింది. పదిహేడేళ్ల కాపురంలో ఆయన సంచి వెతికి ఇవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, బోసిగా ఉన్న మోటారుసైకిలు ఛాసిస్‌ను భుజాన వేసుకుని జానయ్య వచ్చాడు. జానయ్యది నల్గొండ పక్క పల్లె. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు ఎదురుగా, రోడ్డు మీదే, రేకుల షెడ్డులో మెకానిక్కు. అతని భుజాన ఉన్న ఛాసిస్ పట్టాభి సొంత బండిదే. పెళ్లయిన ఏడాది ఇంద్రాణి మెరూన్ రంగు ఏరికోరి కొనిపించిన బండి. ఇంజన్ పని మీద షెడ్డులో ఉందని పట్టాభి మూడు నెలలుగా ఇంట్లో చెబుతున్నాడు. అది పూర్తి అబద్ధమేమీ కాదు. ఇంజన్ షెడ్డులోనే ఉంది. చక్రాలు షెడ్డులోనే ఇంకో మూల ఉన్నాయి. సీటును మాత్రం ఎలుకలు కొరుకుతాయని ఇంటికి తెచ్చి, పాత దుప్పటిలో చుట్టి, అటక మీద దాచాడు.

పట్టాభికి నలభై ఏడేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిట్‌ఫండ్ కంపెనీలో గుమాస్తా. జుట్టు పలచబడి, షుగరు మొదలయ్యాక, పళ్ల డాక్టరు గదిలో ఒక పత్రిక తిరగేస్తుంటే ట్రయల్స్ బండి బొమ్మ కనిపించింది. బండలూ గుట్టలూ ఎక్కించే బండి. దానికి సీటుండదు, నిలబడే నడపాలి. ఎంత వేగంగా పోయావని ఎవరూ అడగరు. కాలు కింద పెట్టకుండా దాటావా లేదా అన్నదే ఆట. కాలు పెడితే ఒక తప్పు, బండి పడిపోతే ఐదు. జీవితంలో ఏ పందెంలోనూ వేగంగా వెళ్లి గెలవని పట్టాభికి ఈ ఆట తనకోసమే పెట్టారనిపించింది. సంగతి జానయ్యతో చెబితే, జానయ్య నవ్వలేదు. "అల్మాస్‌గూడ దాటినంక మస్తు బండలున్నయి సారు. బండి కడదాం" అన్నాడు. తన పిచ్చి విని నవ్వని మనిషి పట్టాభికి అంతకుముందు దొరకలేదు. ఆ మాటతోనే వాళ్ల స్నేహం కుదిరింది.

మూడు నెలలపాటు ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిచాయి. ఛాసిస్ వెనకభాగాన్ని కోసేశారు. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు. ఇక పాత రంగు వదిలించి కొత్తది కొట్టాలి.

"గీకుకుంట కూసుంటే రెండు దినాలు వడతది సారు. జర గ్యాసునూనె పోసి అంటువెడితే పది నిమిషాల్ల ఊడిపోతది" అన్నాడు జానయ్య, ఛాసిస్‌ను ఇంటి పక్క ఖాళీ స్థలంలో దించి, కిరోసిన్ సీసా మూత తీస్తూ.

"ఇంద్రాణి వచ్చేలోపు అయిపోవాలి."

"అమ్మకు ఇంకా చెప్పలేదా?"

"బండి తయారయ్యాక చెబుదాం. చూస్తే తనే సంతోషిస్తుంది."

"సీటు లేని బండిని చూసి సంతోషిస్తదా?" అన్నాడు జానయ్య. పట్టాభి వినపడనట్టు అగ్గిపెట్టె అందించాడు.

మంట బాగానే లేచింది. మెరూన్ రంగు బుడగలు కట్టి రాలిపోయింది. షెడ్డులో ఛాసిస్‌లు కలిసిపోకుండా నంబరు ప్లేటును తీగతో దానికే కట్టి ఉంచడం జానయ్య అలవాటు. దాన్ని విప్పడం ఇద్దరూ మరచిపోయారు. "సల్లారినంక రుద్దుదాం సారు. ఎల్బీనగర్ శిబిరంల నీళ్ల డ్రమ్ములు నింపొస్త" అని, తల మీది తువ్వాలు సర్దుకుని జానయ్య వెళ్లాడు. సమ్మెవాళ్ల దీక్షా శిబిరం మొదలైన రోజు నుంచి అక్కడ నీళ్ల పని అతనిదే. పట్టాభి ఇనుప బ్రష్షు కోసం ఇంట్లోకి వెళ్లాడు.

అతను బయటికి వచ్చేసరికి ఛాసిస్ దగ్గర రాఘవేంద్రగారు నిలబడి ఉన్నారు. రాఘవేంద్రగారు తెనాలి వైపు మనిషి, రిటైర్డ్ ఇంజనీరు, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. పక్కనే కూరల సంచితో ఇంద్రాణి. సగం మాడిన ప్లేటు మీద నంబరు ఇంకా కనిపిస్తూనే ఉంది.

"ఏమండీ, మన బండి" అంది ఇంద్రాణి. అని అక్కడే కూలబడి ఏడ్చింది.

"మేడ మీంచి నేను కళ్లారా చూశాను పట్టాభిగారూ. చెట్టు అడ్డమొచ్చి మొహం కనిపించలేదు గానీ, తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒక్కడే. కిరోసిన్ పోసి మరీ అంటించాడు" అన్నారు రాఘవేంద్రగారు.

ఆ ఒక్క క్షణంలో నోరు విప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. మహా అయితే వారం రోజులు చప్పిడి కూరలు తినాల్సి వచ్చేది. కానీ పట్టాభి బుర్రలో ఒక లెక్క చకచకా తిరిగింది: బండిని ముక్కలు చేశానని చెప్పుకోవడం కన్నా, బండి కాలిపోయిందని ఆమె అనుకోవడమే సుఖం. అతను ఇనుప బ్రష్షును వీపు వెనక దాచుకుని, నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పునే అందరూ సాక్ష్యం కింద తీసుకున్నారు.

తొమ్మిదింటికి కాలనీ అంతా అక్కడ చేరింది. పట్టాభితో సహా అందరూ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే. "మనల్ని ఇక్కడ ఉండనివ్వరండీ" అని ఒకరు, "ఇవాళ బండి, రేపు ఇల్లు" అని ఒకరు. ఇంజన్, చక్రాలు, ట్యాంకు ఏమయ్యాయన్న అనుమానం ఒక్క పెద్దమనిషికి మాత్రం వచ్చింది. "షెడ్డులోంచి బండి ఎత్తుకొచ్చినవాళ్లు అవీ పట్టుకుపోయి ఉంటారు" అని ఆయనకు ఆయనే సర్దిచెప్పుకున్నాడు. పదింటికి ఆ కబురు ఎల్బీనగర్ చౌరస్తాలో శిబిరానికి చేరింది. పదకొండింటికి శిబిరం నడిపే సీతారాములు సారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన సమ్మెలో ఉన్న బడిపంతులు. కాలిన ఛాసిస్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"మా కొట్లాట సర్కారుతోటమ్మా, మీతోని కాదు" అన్నాడు ఇంద్రాణితో. "గీ పని చేసినోడెవడో సాయంత్రం లోపల తేలుస్త. మీరందరు శిబిరానికి రాండ్రి. మీ ముంగటనే అడుగుత."

పట్టాభి రెండుసార్లు జానయ్యకు ఫోన్ చేశాడు. జానయ్య ఫోన్ చొక్కా జేబులో ఉంది, చొక్కా డ్రమ్ముల పక్కన మేకుకు వేలాడుతోంది, జానయ్య పొద్దుటి నుంచి నీళ్ల ట్యాంకరు వెంట తిరుగుతున్నాడు. మూడోసారి పట్టాభి చేయలేదు. రెండు రోజులు పోతే అందరూ మరచిపోతారులే అనుకున్నాడు.

సాయంత్రం టెంటు కింద ఒకవైపు కాలనీవాళ్లు, ఒకవైపు శిబిరంవాళ్లు కూర్చున్నారు. "ఎవలు చేసిన్రో వాళ్లే లేచి చెప్పాలె" అన్నాడు సీతారాములు. వెనక నీళ్ల డ్రమ్ము దగ్గర జానయ్య నిలబడి ఉన్నాడు. అతనికి సంగతంతా అప్పుడే తెలిసింది. నవ్వుతూ పట్టాభి వైపు చూశాడు, ఇక చెప్పండి సారు అన్నట్టు. పట్టాభి పక్కన ఇంద్రాణి కూర్చుని ఉంది. పట్టాభి చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగాడు. ఆ పట్టీ ఎంతకీ సరికాలేదు.

జానయ్య నవ్వు మెల్లగా పోయింది.

"అంటువెట్టింది నేనే సారు" అన్నాడు.

"ఎందుకు చేసినవే?" అని అడిగాడు సీతారాములు. జానయ్య ఇంద్రాణి వైపు చూశాడు, వంగిన పట్టాభి వీపు వైపు చూశాడు. "తప్పైంది. బండి ఎట్లుండెనో అట్లనే కట్టిస్త" అన్నాడు. మేకు మీది చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి శిబిరంలో నీళ్ల పని ఇంకొకరికి అప్పగించారు.

ఇరవయ్యో రోజున బండి గుమ్మంలోకి వచ్చింది. కోసేసిన భాగాన్ని మళ్లీ అతికించి, అతుకు కనిపించకుండా అరగదీసి, అదే మెరూన్ రంగు కొట్టాడు. కొత్త సీటు, చీర చుట్టుకోకుండా పక్కన జాలీ, లెగ్‌గార్డు, రెండు అద్దాలు. ఉత్త ఛాసిస్ నుంచి జానయ్య తన జన్మలో అంత చక్కగా ఇంకో బండి కట్టి ఉండడు. కట్టాలనుకున్న బండి మాత్రం అది కాదు.

"లోపలికి రా జానయ్యా, టీ తాగుదువు" అన్నాడు పట్టాభి.

"షెడ్డుల పనుంది సారు" అని తాళంచెవి అరుగు మీద పెట్టి జానయ్య వెళ్లిపోయాడు.

బండికి పూజ చేద్దామని ఇత్తడి పళ్లెం కోసం ఇంద్రాణి అటకెక్కింది. దిగేటప్పుడు ఆమె చేతిలో పళ్లెం లేదు. దుప్పటి విప్పి, పాత సీటును పట్టాభి ముందు పెట్టింది.

"బండి కాలిపోయింది కదా. సీటేంటి చల్లగా అటక మీదుంది?"

పట్టాభి అప్పుడు చెప్పాడు, మొత్తం చెప్పాడు. ట్రయల్స్ బండి, అల్మాస్‌గూడ బండలు, ఇనుప బ్రష్షు, చెప్పు పట్టీ. ఇంద్రాణి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అడిగుంటే నేను వద్దనేదాన్నా? మహా అయితే నవ్వేదాన్ని. నా నవ్వుకి భయపడి ఆ మనిషిని నలుగురిలో దొంగలా నిలబెట్టారా? ఈ సీటు పట్టుకెళ్లి అక్కడే చెప్పండి."

పట్టాభి సీటు చంకలో పెట్టుకుని ఎల్బీనగర్ దాకా నడిచాడు. కాలనీ నుంచి మనిషి రావడం చూసి సీతారాములు ఎదురొచ్చి మైకు ఇచ్చాడు. సీతారాములు మాట నిలబెట్టుకున్నందుకు సంఘీభావం చెప్పడానికి రాఘవేంద్రగారు కూడా ఆ రోజు వేదిక మీదే ఉన్నారు.

"బండి కాల్పించింది నేనే. జానయ్య తప్పేం లేదు" అన్నాడు పట్టాభి.

టెంటు కింద చప్పట్లు మొదలయ్యాయి.

"చూసిన్రా, ఎంత పెద్ద మనసు. మనోన్ని కాపాడతందుకు నింద తన మీదేసుకుంటుండు" అన్నాడు సీతారాములు, కళ్లు తుడుచుకుంటూ.

"అది కాదు సార్, నిజంగానే నేను—"

"నేను కళ్లారా చూశానుగా పట్టాభిగారూ. మీరింకేం చెప్పకండి" అని రాఘవేంద్రగారు అతని భుజం తట్టారు. పట్టాభి సీటు పైకెత్తి చూపించాడు. ఎవరో దాన్ని అందుకుని, "దీక్షల కూసున్న ముసలాయనకు మెత్తగుంటది" అంటూ తీసుకెళ్లి ఆయన వీపు వెనక పెట్టారు. పట్టాభి మెడలో బంతిపూల దండ పడింది. షెడ్డు నుంచి జానయ్యను పిలిపించి, అందరి ముందూ క్షమించి, ఇద్దరి చేతులూ కలిపి ఫోటో తీశారు. నీళ్ల పని కూడా మళ్లీ అతనికే ఇచ్చారు. తప్పు చేసి దిద్దుకున్నవాడు అన్న పేరు అతనికి, క్షమించినవాడు అన్న పేరు పట్టాభికి అలా ఖాయమైపోయాయి.

"నేను చెప్పాను జానయ్యా. ఎవరూ వినడం లేదు" అన్నాడు పట్టాభి చిన్న గొంతుతో.

జానయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గా ఆటల కాలు కింద వెడితే తప్పు అంటిరి గద సారు."

"అవును."

"ఎన్నిసార్లు వెట్టిన్రో మీరే లెక్క వెట్టుకోండ్రి" అని డ్రమ్ముల వైపు నడిచాడు.

బండి ఇప్పటికీ బాగానే నడుస్తోంది. అల్మాస్‌గూడ వైపు మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఆఫీసుకు వెళ్లే దారిలో, పండ్ల లారీలు అడ్డం తిరిగి, రోజూ సరిగ్గా జానయ్య షెడ్డు ముందే ట్రాఫిక్ ఆగిపోతుంది. పట్టాభి రోజూ అక్కడ కాలు కింద పెడతాడు.