దేవుడి ట్యూబులైటు కొండెక్కిన విధంబు

శ్రీశైలమునకు వాయవ్యమున, కృష్ణాగోదావరుల నడిమిదేశమున, హుస్సేన్‌సాగరము మీది గాలికి ముక్కు మూసుకొను లోయర్ ట్యాంక్ బండునకు తూర్పుగా, సర్కారు కొలువులు కోరి వేలాది యువతపస్వులు మిర్చిబజ్జీలే ఆహారముగా రాజ్యాంగ ప్రకరణములను జపించు అశోక్‌నగర పుణ్యక్షేత్రమున, నందన నామ సంవత్సర వైశాఖమాసమున, ఒకానొక గురువారము ఉదయమున, పోటీపరీక్షల పుస్తకములు ప్రచురించు ఇంద్రసేనగారి కార్యాలయమందు ఘోరసంగ్రామము సంభవించెను.

అందలి వీరుడు చిక్కడపల్లి వాస్తవ్యుడు, ముద్రాదోష భంజనుడు, ప్రూఫ్‌రీడరు అభిజిత్. ఒత్తు జారినను, పొల్లు ఎగిరినను డేగవలె పట్టగలవాడు. అతనికి ఆటిజం కలదు. పరుల చెవికి సోకని సన్నని రొద అతని చెవిలో దండయాత్ర సాగించును. పరుల కంటికి ఆనని మిణుకు అతని కంట శూలమై దిగును.

శత్రువు అతని నెత్తిమీదనే ఉండెను. శ్వేతదేహుడు, దీర్ఘకాయుడు, చోక్‌గర్భమున అహర్నిశము తుమ్మెదల దండును మోయువాడు, క్షణక్షణ కంపితుడు, ట్యూబులైటు! దాని వెనుక గోడకు వేంకటేశ్వరస్వామి పటము. ప్రారంభోత్సవము నాడు కొబ్బరికాయ పగిలిన ముహూర్తముననే వెలిగినది గావున అది అఖండదీపమని ఇంద్రసేనగారి విశ్వాసము. ఎండ బల్లలపై పరచుకొన్నను దానిని ఆర్పరాదు. ఎవరి చేయియు పడకుండ స్విచ్చుకు పట్టీ కూడ అంటించిరి.

ఆ రొద కింద తల వంచిన పాపమునకు, అభిజిత్ కిందటి పుస్తకమున గోదావరి తూర్పునుండి పడమటికి పారుచుండగా పట్టలేకపోయెను. ఇంకొక తప్పు దొర్లిన వేరే కొలువు చూచుకొమ్మని ఇంద్రసేనగారు శాసించిరి. కారణము చెప్పనేరక ఇంతకుముందే రెండు కొలువులు వదలినవాడు అతడు.

పక్కబల్ల వద్ద టైపు చేయు స్వరూప, ట్యూబులైటు కింద అతని అవస్థ గమనించి గీతోపదేశము చేసెను. "చెప్పకుంటె సార్‌కు ఎట్ల తెలుస్తది తమ్మీ? మింగుతడా ఏంది? పో, అడుగు."

అంతట అభిజిత్, "ఓరి శ్వేతదండాకార నాదపిశాచమా, నేడు నీవో నేనో తేలవలయును" అని మనసున గర్జించి, పుస్తకాల కట్టల పర్వతశ్రేణిని దాటి, ఇంద్రసేనగారి బల్లయెదుట నిలిచెను.

"సార్, ఆ ట్యూబులైటు బంద్ చేయాలె. లేకుంటె నాతోని పని కాదు."

"దేవుని లైటా? గింత చప్పుడుకే అంత పరేషానైతె ఎట్లనయ్యా?"

"నాకు ఆటిజం ఉన్నది సార్. నాకది గింత చప్పుడు గాదు."

"చూస్తె మంచిగనే ఉన్నవ్. అది చిన్నపిల్లలకు గద ఉండేది?"

"చిన్నపిల్లలు పెద్దగయితరు సార్."

ఆ బాణమునకు ఇంద్రసేనగారు ఒక్క క్షణము తూలి, తేరుకొని ప్రత్యస్త్రము వేసిరి. "చెవులల్ల దూది పెట్టుకోరాదు?"

"కండ్లల్ల గూడ పెట్టుకోవాలె సార్. అప్పుడు ప్రూఫ్ ఎట్ల సూడాలె?"

"దేవుని ముందట చీకటి చేస్తె పాపం తగల్దా?"

అభిజిత్ నిజముగానే తెలియగోరి అడిగెను. "మీ ఇంట్ల దేవునర్రల ట్యూబులైటు ఉన్నదా సార్?"

"లేదు. నూనెదీపం. మా ఆమె పెడ్తది."

"అది చప్పుడు చేస్తదా?"

"దీపం చప్పుడెందుకు చేస్తది?"

"మరి ఇక్కడ గూడ అదే పెట్టుండ్రి సార్."

అప్పుడు స్వరూప తల ఎత్తకయే బ్రహ్మాస్త్రము సంధించెను. "రోజు కరెంటు పోయినప్పుడల్ల ఆర్తనే ఉన్నది గద సార్, మన అఖండదీపం."

ఇంద్రసేనగారు పటము వంక చూచిరి. నామము కన్నులను కప్పగా, తన యెదుట ఏ లైటు వెలుగుచున్నదో స్వామి ఎన్నడును విచారించినట్టు లేదు. కోట్ల సూర్యులను వెలిగించినవాడు ఒక చోక్‌కై అలుగునా? ఇంద్రసేనగారు లెంపలు వేసుకొని, పట్టీ ఊడబెరికి, స్విచ్చు పైకి నొక్కిరి.

ట్యూబులైటు కొండెక్కెను. తుమ్మెదల దండు నశించెను. మధ్యాహ్నమునకు ప్రమిదలో చిన్న దీపము నిలిచి, ఎవరినీ పలుకరింపక వెలిగెను.

అభిజిత్ బల్లకు మరలి, మలిముద్రణ ప్రూఫు ముందుకు లాగి, ఎర్రకలము ఎత్తి, పడమటికి పరుగిడుచున్న గోదావరిని ఒక్క గీతతో పట్టి తూర్పు సముద్రమునకు మళ్లించెను. గంగను దించుటకు భగీరథుని వంశమునకు తరతరాల తపస్సు పట్టెను. ఇతనికి ఒక స్విచ్చు చాలెను.

ఈ స్విచ్చువిజయమును భక్తితో చదివినవారి నెత్తిపై చోక్ రొద చేయకుండుగాక. చదివియు పక్కబల్లవాని మొర విననివారి ఇంట నేటి రాత్రియే అది మొదలగుగాక.