తలా పదిమంది దాతలు

అవయవదానంపై ప్రజల్లో అవగాహన పెంచే కార్యకర్తల కోసం నిర్వహించిన మూడు రోజుల శిక్షణ శిబిరం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ప్రజల్లో అవగాహన ఎంత పెరిగిందో ఇంకా తెలియరాలేదు. పదహారు మంది కార్యకర్తలకు మాత్రం తలా ఒక టోపీ, ఒక సంచి, ఒక ధ్రువపత్రం దక్కాయి.

శిబిరానికి అందరికంటే ముందొచ్చి మొదటి వరుసలో కూర్చున్నది టైలరమ్మ. ఆమె తమ్ముడికి రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ దాత కోసం ఎదురుచూస్తున్నాడు. నలుగురికీ నచ్చజెబితే వాడి వంతు కాస్త త్వరగా వస్తుందని ఆమె ఆశ. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, మూడు రోజుల పని మానుకుని వచ్చింది పాపం. తోడబుట్టినదే ఒక కిడ్నీ ఇవ్వొచ్చు కదా అని అడిగే చాదస్తులు ఎక్కడైనా ఉంటారు. డాక్టరూ ఒకసారి అడిగాడు. "మా ఆయనతో మాట్లాడి చెప్తానండీ" అంది. ఆ మాటలు మూడేళ్లుగా నడుస్తూనే ఉన్నాయి.

మొదటి రోజంతా బ్యానరు పట్టుకోవడం నేర్పారు. సంఘం అధ్యక్షులవారి ముఖానికి అడ్డం రాకూడదు, అలాగని అక్షరాలు మడతపడకూడదు. చూసినంత తేలిక కాదది. రెండో రోజు ముఖకవళికలు. చనిపోయినవాళ్ల బంధువులతో మాట్లాడేటప్పుడు మన ముఖంలో బాధ, ఆశ సమపాళ్లలో ఉండాలట. ఇన్సూరెన్స్ ఏజెంటు ముఖంలో ఆశ మోతాదు మించిందని నాలుగుసార్లు చేయించారు. అసలు విషయం చెప్పడానికి పిలిచిన డాక్టరుకు ఏడు నిమిషాలు కేటాయించారు. అందులో ఐదు నిమిషాలు అధ్యక్షులవారు ఆయన్ని పరిచయం చేశారు. డాక్టరు లేచి "మెదడు పనిచేయడం ఆగిపోయాక" అనగానే టీ గంట మోగింది. మెదడు పనిచేయడం ఆగిపోయాక ఏం చేయాలో తెలుసుకోకుండానే సభ్యులందరూ టీ తాగారు.

మూడో రోజు ఫారాలు పంచారు. సాయంత్రంలోగా ఒక్కొక్కరు పదిమంది దాతల్ని చూపించాలి. అధ్యక్షులవారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, త్యాగమే మన ఊపిరి. మీరంతా ఇప్పటికే అవగాహన ఉన్నవాళ్లు. అలాంటి మీరే సంతకం పెట్టేసి ఫారాలు వృథా చేయకూడదు. అవగాహన లేనివాళ్లకు ఆ భాగ్యం వదిలిపెట్టండి."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత హాల్లో కనిపించిన దానగుణం మాటల్లో చెప్పలేం. ఇన్సూరెన్స్ ఏజెంటు కుర్చీ దిగకుండానే మామగారి కళ్లు, బావమరిది గుండె రాసిచ్చేశాడు. బ్యాంకు గుమాస్తా తన మేనేజరు కాలేయాన్ని దానం చేశాడు, అది ఏ స్థితిలో ఉందో కూడా అడక్కుండా. రిటైరైన మాస్టారు తన పాత విద్యార్థుల్ని హాజరుపట్టీ వరసలో గుర్తుచేసుకుని పావుగంటలో పదీ ముగించారు. టైలరమ్మ అత్తగారితో మొదలుపెట్టింది. ఆడపడుచు, ఇంటి ఓనరు, జాకెట్టు వదులైందని మూడుసార్లు తిప్పి పంపిన పక్కవీధి ఆవిడ, ఇలా తొమ్మిదయ్యాయి. పదో దాత ఎవరా అని ఆలోచిస్తూ ఆసుపత్రికి వెళ్లింది.

తమ్ముడు చేతికి గొట్టాలతో మంచం మీదున్నాడు. ఖాళీగా ఉన్న చేత్తో ఫారాలు తిరగేశాడు.

"అక్కా, మీ అత్తగారికి ఈ సంగతి తెలుసా?"

"చెప్తే ఊరుకుంటుందేంట్రా?"

"మరి నీదేదీ?"

"నాదెందుకురా ఇప్పుడు, పిల్లలు గలదాన్ని. మీ బావనడిగి తర్వాత పెడతాలే."

తమ్ముడు కోప్పడలేదు. పెన్ను అడిగి తీసుకున్నాడు.

"కిడ్నీలు ఎలాగూ పోయాయి. కళ్లు బాగానే ఉన్నాయిగా. అవి రాయి" అని ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

టైలరమ్మకు సిగ్గేసింది, ఏడ్చింది కూడా. ఏడ్చాక, పది పూర్తయ్యాయి గనుక లేచి వెళ్లింది.

సాయంత్రం అధ్యక్షులవారు ఫారాలన్నీ స్వయంగా పరిశీలించారు. నూటయాభై తొమ్మిది ఆమోదించి, ఒకటి పక్కన పెట్టారు.

"మిగతా తొమ్మిదీ ఒకే చేతిరాతతో ముచ్చటగా ఉన్నాయమ్మా. ఈ సంతకం ఎవరిది?"

"మా తమ్ముడిదండీ. తనే పెట్టాడు."

"తనతోనే పెట్టించావా? తప్పు కదమ్మా. జనాన్ని అలా ఇబ్బంది పెడితే రేపు మన సంఘానికి చెడ్డపేరు రాదూ?"

టైలరమ్మ తప్పొప్పుకుని ఆ ఫారం సంచిలో పెట్టేసుకుంది. ధ్రువపత్రం తీసుకునేటప్పుడు ముఖంలో బాధ, ఆశ సమపాళ్లలో ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

ఆ నూటయాభై తొమ్మిది మందిలో మీ పేరూ ఉండే ఉంటుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక కార్యకర్త ఉండకపోరు. కంగారు పడకండి. సంతకం మీది కాదు గనుక మీ ఒంటి మీద వెంట్రుకైనా ఎవరూ ముట్టుకోరు. డయాలసిస్ గదిలో మంచాల మీదున్నవాళ్లు మాత్రం, ఒక్కరోజులో అంతమంది దాతలా అని పేపరు వార్తను రెండోసారి కూడా చదివించుకుని విన్నారు. చదివి వినిపించింది టైలరమ్మ తమ్ముడే. అసలు సంగతి తెలిసీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.