ఒకే ట్రేలో క్రిస్మస్ విందు

ఇల్లాళ్ళ కష్టాలు తీర్చడానికి ఈ దేశంలో ఎన్నో పథకాలు వచ్చాయి. వాటిలో నిజంగా పనిచేసేది ఒక్కటే. ఫోన్లో వచ్చే వంట వీడియో!

నవ్వకండి. చాలా బాధ్యతతో రాస్తున్నాను. సులువైనది, చవకైనది, కుటుంబమంతటికీ సరిపోయేది! ఈ మూడు మాటలనూ ఒకే వంటకానికి అంటించగలిగిన మనిషి సామాన్యురాలా? మన అమ్మలు ఎన్నేళ్ళు వండినా ఈ రహస్యం తెలుసుకోలేకపోయారు. వాళ్ళు సులువుగా వండితే అందరికీ సరిపోలేదు. అందరికీ సరిపడా వండితే వాళ్ళకి మిగల్లేదు.

నమ్మకం కుదరకపోతే, ఒడిశాలోని రాయగడలో దొర్కా ఇంట్లో నిరుడు జరిగిన క్రిస్మస్ విందు సంగతి వినండి.

దొర్కా బీయస్సీ కెమిస్ట్రీ. ఆ పరిజ్ఞానం వల్లే ఇన్నేళ్ళుగా చారులో ఉప్పు రుచి చూడకుండా వేయగలుగుతోంది. భర్త సురేష్ బాబు ప్రభుత్వాఫీసులో పనిచేస్తాడు. అత్తగారు వసంతకుమారి స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఏటా క్రిస్మస్‌కి లక్ష్మీపూర్ నుంచి ఆడపడుచు మోనికా, ఆమె భర్త బెన్సన్, వాళ్ళ కూతురు వస్తారు.

ఆ ఇంట్లో భోజనాల బల్ల పెద్దది. కుర్చీలకు కొదవ లేదు. పండగ రాత్రి సురేష్ బాబు చక్కగా ప్రార్థన చేస్తాడు. ‘ఆమెన్’ అనగానే అందరి చేతులూ పళ్ళాల్లోకి వెళ్తాయి, దొర్కా కాళ్ళు వంటగదిలోకి వెళ్తాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో క్రిస్మస్ విందు వేడిగా ఎలా ఉంటుందో ఆమెకు వాసన ద్వారానే తెలుసు. ఆమె తినేసరికి బల్ల మీద ఎముకలు, బల్ల చుట్టూ ఆవలింతలు.

ఆమెకు పెద్ద కోరికలు లేవు. ఒక్క ఏడాది ఆమెన్ తర్వాత కూర్చోవాలి. కూర్చుని, లేవకుండా తినాలి. అంతే.

డిసెంబరు మొదట్లో మోనికా అలాంటి వీడియో ఒకటి పంపింది. బంగాళాదుంపలు, బ్రెడ్డు, చికెన్ ఒక ట్రేలో పొరలు పొరలుగా పేర్చి, పాలు పోసి, పైన చీజ్ తురిమి, ఓవెన్లోకి తోసేయడమే. దీన్ని క్యాసరోల్ అంటారట. వెంటనే ఫోను కూడా చేసింది.

“వదినా, సూసేవా? ఒక్క ట్రే! ఓవెన్లో పడేసి నువ్వూ మాతో కూకోడవేఁ!”

వీడియో చివర్లో వండినావిడ బల్ల దగ్గర కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతుంది. దొర్కా కొలతల కన్నా ఆ చివరి ముక్కనే ఎక్కువసార్లు చూసింది.

ఇంట్లో చర్చ జరిగింది. చవక అన్న మాట వినగానే సురేష్ బాబు, “మంచిదే కదేటి!” అన్నాడు. అత్తగారు మరీ కరిగిపోయారు. “అవునమ్మీ, నువ్వూ మనిషివే కదా. ఈ పాలి మా పక్కన కూకో.”

చూశారా! ఏళ్ళ తరబడి ఎవరికీ తట్టని సంగతి ఒక్క వీడియోతో ఇంటిల్లిపాదికీ తట్టింది. ఇది వరం కాదా?

ఇక వంట. అందులో ‘నిన్న మిగిలిన చికెన్’ వేయాలని ఉంది. పాఠకులారా, మీ ఇంట్లో చికెన్ ఎప్పుడైనా మిగిలిందా? దొర్కా ఇంట్లోనూ మిగల్లేదు. అందుకని సురేష్ బాబు ముందు రోజు ఒక కోడిని తెచ్చాడు. దొర్కా దాన్ని వండి, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసి, మిగిల్చింది. పొదుపంటే అది!

చీజ్ బజార్లో చిన్న చిన్న ముక్కలుగానే దొరికింది. ఒక్కో ముక్కకూ విడిగా వెండి కాగితం. వీడియోలో ఆవిడకి మాత్రం తురిమిన చీజ్ గిన్నెలో సిద్ధంగా ఉంది. దుంపలు ఉడికి ఉన్నాయి, ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి. సులువంటే ఏమిటో దొర్కాకి అప్పుడు బోధపడింది. వీడియో మొదలవకముందే ఎవరో పని చేసి వెళ్ళిపోవడం.

“ఓవెన్ మాటేటి?” అని అడిగింది.

“మనకెందుకే? బేకరీ లేదేటి? ఊరంతా కేకులు అక్కడే కాల్పిత్తన్నారు,” అన్నాడు సురేష్ బాబు. సమస్య పరిష్కారమైపోయింది. మగవాళ్ళు పండగ పనిలో చేయి వేయరని ఎవరండీ అన్నది?

పండగ రేపనగా అత్తగారు వంటగది గుమ్మంలోకి వచ్చారు. “అమ్మీ, ఆ ట్రేతోపాటు ఓ పిసరు కోడికూర కూడా సేసేయ్. నాకోసం కాదు. అల్లుడు ఏటనుకుంటాడో.”

“కూరుంటే మరి కొంచెం పలావు లేకపోతే బాగుంటాదేటి?” అని హాల్లోంచి సురేష్ బాబు.

సాయంత్రం మోనికా ఫోను. “వదినా, మా పిల్ల కొత్తవేవీ ముట్టుకోదు. దానికోసం ఓ నాలుగు పూరీలు... పోన్లే, అందరికీ సేసేద్దూ, మళ్ళీ దాని పూరీల మీద అందరూ పడతారు.”

ఎవరూ ఎక్కువ అడగలేదు. ఓ పిసరు, కొంచెం, నాలుగు. అంతే కదా! ఒక్క ట్రే వంట చేసుకోవడానికి దొర్కా పక్కింటి నుంచి రెండు గిన్నెలు అరువు తెచ్చుకుంది.

పండగ రోజు చర్చి నుంచి వస్తూనే ట్రే మీద గుడ్డ కప్పి, దొర్కా అని చీటీ అంటించి, భర్త స్కూటర్ మీద బేకరీకి పంపింది. ఇక్కడ బేకరీ మాస్టర్ గొప్పతనం చెప్పుకోవాలి. వారం రోజులుగా ఆయన చేతికి ఊళ్ళోని క్రైస్తవుల ఇళ్ళ నుంచి కేకు ట్రేలే వస్తున్నాయి. చీటీ చూడటం, కాల్చడం, ఇచ్చేయడం. ఆయన ఈ ట్రేని కూడా చూశాడు. పైన ఒక్క చెర్రీ లేదు, ఒక్క జీడిపప్పు లేదు. పాపం, ఈ హడావుడిలో మర్చిపోయి ఉంటారని జాలి పడ్డాడు. కాలాక రెండు గుప్పెళ్ళ టూటీ ఫ్రూటీ చల్లాడు. చల్లారాక గులాబీ రంగు క్రీముతో, చీటీలో ఉన్న పేరు గుండ్రటి ఒడియా అక్షరాల్లో రాశాడు.

సాయంత్రం సురేష్ బాబు వెళ్తే, “హెయిగలా సార్! అయిపోయింది, ఫస్ట్ క్లాస్!” అని మూత పెట్టిన అట్టపెట్టె చేతికిచ్చాడు. ఈయన తెరిచి చూడకుండా తెచ్చేశాడు. అడక్కుండా చేసిన మంచిని చూడాల్సిన అవసరమేముంది?

రాత్రి బల్ల మధ్యలో పెట్టె తెరిచారు.

అందరూ మెడలు చాచి చూశారు.

“కేకు ముందే పెట్టేసేరేటి బావా?” అన్నాడు బెన్సన్.

“కేకు కాదు బావా. బోయినం,” అన్నాడు సురేష్ బాబు, తనకీ నమ్మకం లేని గొంతుతో.

మోనికా కూతురు క్రీము అక్షరాలు కూడబలుక్కుంది. “దొ... ర్కా! అత్తయ్యా, నీ పేరే!”

ప్రార్థన అయింది. ఆమెన్. దొర్కా కూర్చుంది. నిజంగా కూర్చుంది! అందరూ మర్యాదకి చెంచాడు చెంచాడు వేసుకున్నారు. “బాగుందమ్మీ,” అంటూ అత్తగారు దాన్ని పళ్ళెం అంచుకి జరిపారు. “వీడియోలో ఇలగ లేదే!” అని మోనికా ఫోను తీసి చూసుకుంది.

“అమ్మీ, పూరీలు?”

దొర్కా లేచింది.

“వదినా, పలావు ఇంకొంచెం.”

లేచింది.

“నీళ్ళు.”

కుర్చీ వెచ్చబడే లోపల మూడుసార్లు లేచింది. మూడోసారి తిరిగొచ్చి చూస్తే, బల్ల మీద ఆమె చేసినవన్నీ అయిపోవస్తున్నాయి. క్యాసరోల్ ఒక్కటే నాలుగు మూలలా కాస్త కాస్త గీరినట్టయి, మధ్యలో గులాబీ రంగు పేరుతో నిండుగా ఉంది. దాన్ని ఇంకొంచెం వడ్డించమని ఎవరూ అడగలేదు. అడగబోరు కూడా.

దొర్కా ట్రే తన ముందుకి లాక్కుంది. చెంచాతో మొదటి అక్షరం మీంచి ఓ ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఘోరంగా ఉంది. చల్లారిన చీజ్, దుంప, మధ్యలో తియ్యటి టూటీ ఫ్రూటీ. ఆమె తీరిగ్గా నమిలింది. రెండో ముక్క తీసింది.

“దొర్కా, కూర అయిపోయింది. కొంచెం తెత్తావా?” అన్నాడు సురేష్ బాబు.

“తింతన్నానండి.”

“తిందువులే, ముందు...”

“దీని మీద నా పేరుందండి,” అంది దొర్కా, చెంచా కింద పెట్టకుండా. “ఇది నేనే తినాల. ఇది తినేదాకా లేవను.”

బల్ల చుట్టూ చూపులు కలిశాయి. మిగిలింది ఇంకా చాలా ఉంది. చివరికి సురేష్ బాబు లేచాడు. వంటగదిలో లైటు వెలిగింది. గరిటెలు కిందపడ్డాయి.

“కూర గిన్నె ఏదే?”

“మూత పెట్టిందండీ.”

“అన్నిటికీ మూతలున్నాయే!”

“అయితే అన్నీ తీసి సూడండి,” అంది దొర్కా, మూడో ముక్క తీసుకుంటూ. చేతులు ఒళ్ళో లేవు కానీ, ముఖం మాత్రం అచ్చం ఆ వీడియో చివర్లో ఆవిడలాగే ఉంది.

మొన్న మోనికా మళ్ళీ ఫోను చేసిందట. “వదినా, ఈ ఏడు ఆ ట్రే గొడవ వద్దులే. మామూలుగా కూర, పలావు సేసేద్దాం.”

“అలగే సెయ్యండి. నా క్యాసరోల్ నేను సేసుకుంటాను. టూటీ ఫ్రూటీ ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యమని మీ అన్నయ్య చేత మాస్టర్‌కి సెప్పిత్తాను,” అందట దొర్కా.

కాబట్టి సోదరీమణులారా, ఈ పండక్కి మీరూ క్యాసరోల్ చేయండి. సులువు, చవక, కొలతల్లో తేడా వచ్చినా నష్టం లేదు. ఒక్కటే జాగ్రత్త. పొరపాటున కూడా రుచిగా చేయకండి. ఎవరికైనా నచ్చిందంటే, వడ్డించడానికి మళ్ళీ మీరే లేవాలి!