రోలుకు తగిలిన దిష్టి

తొమ్మిది గంటల ఆటోకు గజపతినగరం వెళ్ళి పిల్లను డాక్టరుకు చూపించాలని ఝాన్సీ తెల్లవారేసరికే నిశ్చయించుకుంది. రెండేళ్ళ హైమకు రెండు రోజులుగా జ్వరం. చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. సంచిలో పాలసీసా, టవలు సర్దుకుని గుమ్మం దాటబోతే అత్త జగ్గమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆగు. అది దిష్టి జొరం. సూదులు పొడిపిత్తే ఇంకా ముదిరిపోతాది."

గుప్పెడు ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, వసారాలో ఉన్న నిప్పుల మూకుడులో వేసింది. కాయలు మాడాయి గానీ ఘాటు రాలేదు.

"సూసినావా? ఘాటు లేదంటే దిష్టే. మూడు రోజులు తీత్తాను. అందాకా ఆస్పత్రీ లేదు, గీస్పత్రీ లేదు."

మూడు రోజులు! అన్ని రోజులు ఆగడం ఝాన్సీ వల్ల కాదు. చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది గానీ, ఒకదానికి చేసింది ఇంకోదానికీ చేసి చూస్తేనే నిజం తేలుతుందన్న సైన్సు టీచరమ్మ మాట బుర్రలో ఉండిపోయింది. నిజంగా దిష్టేనేమో, పిల్లకేమైనా అవుతుందేమో అన్న భయం మాత్రం పోలేదు. అయినా అత్త తీసిన డబ్బాలోంచే గుప్పెడు కాయలు తీసి, పెరట్లో రుబ్బురోలు చుట్టూ మూడుసార్లు తిప్పి, తెచ్చి మూకుడులో వేసింది. ఘాటు లేదు.

"రోలుకి కూడా తగిలీసిందేటత్తా?"

జగ్గమ్మ మూకుడు వంక, రోలు వంక చూసింది.

"తగలదేటి? నిన్న మరిడమ్మ దాన్ని సూసి ఎంత నున్నగున్నాదో అన్నాది!"

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న మరిడమ్మ చెవిన పడనే పడింది. తడిచీర భుజాన ఉండగానే వచ్చేసింది.

"ఓలమ్మో! రాళ్ళకి కూడా నానే దిష్టెట్టేనా వదినా? ఉండు, ఇప్పుడే తేల్సీత్తాను!"

తన ఇంటి మిరపకాయలు రెండు గుప్పిళ్ళు తెచ్చి, రోలు చుట్టూ తిప్పి మూకుడులో కుమ్మరించింది. ఘాటు గుప్పున లేచింది. ఝాన్సీ పిల్ల ముఖానికి టవలు కప్పి వీధిలోకి పరిగెత్తింది. వెనకే ఆ ఇద్దరూ కళ్ళు కారుతూ, దగ్గుతూ వచ్చిపడ్డారు.

"ఘాటొచ్చింది! నా కన్ను మంచిదే!" అంది మరిడమ్మ తుమ్ముల మధ్య.

"నీ మొకం! నీవి కొత్తకాయలు. మావి వానకి తడిసి బూజట్టినవి, ఆటికి ఘాటెక్కడిది?" అని అరిచి, జగ్గమ్మ గబుక్కున నోరు మూసుకుంది.

"నాననుకున్నదీ అదే గదత్తా! లోపం కాయల్లో ఉన్నాది. ఆటో వస్తన్నాది, నానెల్తన్నాను. అడ్డొస్తే నిన్నూ ఎక్కించీస్తాను."

జగ్గమ్మ అడ్డు రాలేదు. పొగలో ఇంట్లోకి వెళ్ళలేక తనే ముందు ఎక్కి కూర్చుంది. వాదం ఇంకా తేలలేదంటూ మరిడమ్మా ఎక్కింది.

చెవిలో చీము పట్టిందనీ, ఇంకో రెండు రోజులు ఆగితే కష్టమయ్యేదనీ చెప్పి, డాక్టరు హైమకు మందు రాశాడు. దగ్గుమందు మాత్రం పెద్దవాళ్ళకు చెరో సీసా రాయాల్సివచ్చింది.