వాకిట్లో నీళ్ల రాతలు

శనివారం పొద్దున్నే ఉషను టిఫిన్‌కి బయటికి తీసుకెళ్దామనుకుని గరాజ్ తలుపు తెరిచాడు దామోదర్. ఇంటి ముందు కాలిబాట మీద ఒక చైనీస్ పెద్దాయన పొడుగు కర్ర బ్రష్షును బకెట్ నీళ్లలో ముంచి ఏదో రాస్తున్నాడు. ఉషను పిలుచుకొచ్చేసరికి ఆయనా లేడు, ఫ్రీమాంట్ ఎండకి రాతా లేదు.

"ఇక్కడే రాశాడు ఉషా. నా కళ్లతో చూశాను."

"కాఫీ తాగి మళ్లీ చూడండి."

అనుమానం పుడితే దామోదర్‌కు అన్నం సహించదు. గుమ్మం కెమెరాలో రోజూ చూశాడు. మొదట ముద్రలా వంకీలు తిరిగిన గుర్తు మర్నాడు చతికిలబడింది. ఆపైన నిటారుగా నిలబడింది, పరుగెత్తింది, చివరికి గడ్డిలా చిక్కుపడింది. రోజుకో గుర్తంటే దొంగల సంకేతమే. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని ఏ దొంగకు తెలియదు?

"లాకర్‌లో పెడదామంటే విన్లేదు నువ్వు. ఇప్పుడు మన ఇల్లు మార్క్ చేసేశారు."

ఉష నగలన్నీ బియ్యం డబ్బాలోకి దించి, ఆ సంగతి చెబుతూ కెమెరా వీడియో తెలుగువాళ్ల గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి కాలనీలో సగం బంగారం బియ్యంలో ఉంది. సాయంత్రం ఎవరో "ఇదంతా గ్రూపులో ఎందుకు చెప్పుకుంటున్నాం?" అన్నారు. దాంతో అందరూ ఒకరినొకరు అనుమానించుకుని నగలు పప్పు డబ్బాల్లోకి మార్చారు. దామోదర్ మాత్రం బియ్యాన్నే నమ్ముకున్నాడు.

మర్నాడు పెద్దాయన బ్రష్షు ఎత్తగానే దామోదర్ స్ప్రింక్లర్ తిప్పేశాడు. కాసేపటికి తడిసి ముద్దయిన ఆయన్ని వెంటబెట్టుకుని మనవరాలు వచ్చి తలుపు కొట్టింది. ఉష గబగబా టవల్ తెచ్చింది.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. తాతయ్య రాసిందంతా ఒకటే అక్షరం, రోజుకో లిపిశైలిలో. దాని అర్థం 'బాగుంది'. ఈ గుమ్మం ముందు రోజూ ఎవరో కొత్త డిజైన్ గీస్తున్నారట, దానికి ఆయన జవాబు. కొత్త డిజైన్ వచ్చినప్పుడు పాత శైలిలో మెచ్చుకోవడం మర్యాద కాదట.

ఉష మొహం సంతోషంతో వెలిగిపోయింది. ఈ దేశం వచ్చాక ఆమె ముగ్గును మెచ్చుకున్నది ఆయనొక్కడే.

"డిజైన్ ఏంటి?" అన్నాడు దామోదర్, గరాజ్‌లోంచి వెళ్లి గరాజ్‌లోంచే వచ్చే మనిషి.

"నా ముగ్గండీ. రోజూ వేస్తాను. మీ కెమెరాలో నేనూ ఉంటాను కదా."

"ఆ పార్ట్ ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేశాను," అన్నాడు దామోదర్.

ఆ మధ్యాహ్నం ఉష నగలు బియ్యంలోంచి తీసి ఇంకెక్కడో దాచింది. ఎక్కడని అడిగితే, కెమెరాలో చూసుకోమంది.