పుట అడుగున పాపి

“ఈ వెనిస్‌లో నేరం పుట్టకముందే దాని జాతకం రాసేయగలవాణ్ణి నేను!” అని గుమ్మంలోంచే ప్రకటించాడు కొవ్వొత్తుల వ్యాపారి బస్తియాన్. ఆ వెంటనే గడప తట్టుకుని అచ్చుశాలలోకి వచ్చి పడ్డాడు.

పుస్తకాలు కుట్టే ముసలి టోనిన్‌కి నవ్వే ఓపిక లేదు. మఠం పెద్దమ్మగారి ప్రార్థన పుస్తకంలో అయిదో మడత, అంటే కుట్టడానికి మడిచిపెట్టిన పుటల కట్ట, మాయమైంది. దూడచర్మం మీద అచ్చేసిన ప్రతి అదొక్కటే. మళ్లీ అచ్చేద్దామంటే పేర్చిన అక్షరాలు ఎప్పుడో విప్పేశారు. “పోగొట్టింది నువ్వే. మఠం పడవ వచ్చేలోగా దొరక్కపోతే రేపట్నుంచి పనిలోకి రాకు” అని తేల్చేసింది యజమానురాలు ఓర్సొల. ముప్పై ఏళ్లుగా ఇదే పని. మరోటి చేతకాదు. పాపం, ముసలాడికి ఏడుపొక్కటే తక్కువ.

సంగతి వినగానే బస్తియాన్ బల్లమీది మడతలు తిరగేశాడు. ఒక్కో మడత చివరి పుట అడుగున, ఓ మూల, ఒంటరిగా ఒక మాట ఉంది.

“పాపి... తలుపు... వెనుక... నిలిచి... ఆహా! రహస్య లేఖ! వాడి పేరు అయిదో మడతలో ఉంది. అందుకే మాయం చేశాడు!”

“అవి పిలుపుమాటలు బాబూ” అన్నాడు టోనిన్. “తర్వాతి మడత ఏ మాటతో మొదలవుతుందో దాన్ని ముందే కింద వేస్తాం. అది చూసి మడతలు వరసలో పెట్టుకుంటాం. చేత్తో రాసే రోజుల్లో మా తాతలూ ఇలాగే చేసేవారు.”

“అంటే, తాతల కాలం నుంచీ నడుస్తున్న ముఠా అన్నమాట!”

“అసలు ఈయన్నెవరు పిలిచారు?” అంది ఓర్సొల.

“నేరం పిలిచిందమ్మా! పాపీ, బయటికి రా!” అంటూ బస్తియాన్ ఒక్క ఉదుటున తలుపు లాగాడు.

తలుపు వెనక ఆరేసిన ఓర్సొల తడి ఏప్రాన్ అతని నెత్తిన పడింది. “చంపేస్తున్నాడు బాబోయ్!” అంటూ గుడ్డిగా గిరగిరా తిరిగి, బల్లమీద బోర్లా పడ్డాడు. మడతలన్నీ చెల్లాచెదురయ్యాయి.

టోనిన్ నేలమీద చతికిలబడి, పిలుపుమాటలు చూసుకుంటూ ఏరసాగాడు. తొమ్మిదో మడత నోరు తెరుచుకుని పడి ఉంది. దాని పొట్టలోంచి ఇంకో మడత జారింది. మొదటి మాట “నిలిచి”.

“అయిదోది!” అని కేకపెట్టాడు.

తొమ్మిదో మడతని నిన్న మడిచింది ఓర్సొలే. ఆమె ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

“తప్పు నాదే టోనిన్. నిన్ను అన్యాయంగా అన్నాను.”

ఏప్రాన్ లోపలినుంచి గొంతు వినిపించింది. “ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!”

ఓర్సొల చీపురు అందుకుంది. టోనిన్ అడ్డం వెళ్లాడు.

“వద్దమ్మగారూ. ఆయన ఇక్కడ పడకపోతే, నేను వీధిన పడేవాణ్ణి.”